ఫజ్ పెడల్‌లో లైటు వెలుగుతోంది, శబ్దం రావట్లేదు: కొత్త పార్టు కొనకముందు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. శ్రీకాకుళంలో ఇంట్లోనే కూర్చుని, డాట్ బోర్డు (చిల్లుల చుట్టూ రాగి చుక్కలున్న బోర్డు) మీద రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లతో సిలికాన్ ఫజ్, అంటే గిటార్ మోతని గరుకుగా మార్చే కాలి పెడల్, కట్టావు. ఫుట్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ శుభ్రంగా వినిపిస్తోంది. నొక్కితే ఎల్‌ఈడీ వెలుగుతోంది గానీ సీసాలో పడ్డ ఈగలా సన్నటి గరగర, దాని మీద బోలెడంత హమ్ (ఆగని గుయ్యిమనే మోత), డబ్బా మీద చెయ్యి పెడితే రేడియో మాటలు. ట్రాన్సిస్టర్లు మార్చావు, కెపాసిటర్లు మార్చావు, ఇంకా ఏ పార్టు కొనాలి అని అడుగుతున్నావు.

ఏ పార్టూ కొనకు. నీ పార్టుల్లో పోయినది ఏదీ ఉన్నట్టు లేదు. ఈ మాట ఊరికే ధైర్యానికి చెప్పడం లేదు. నువ్వు పెట్టిన మీటర్ రీడింగులే చెబుతున్నాయి.

ముందు మనం మాట్లాడుతున్న సర్క్యూట్ ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ తీరుది. జిమి హెండ్రిక్స్ కాలి కింద ఉన్నది ఇదే. రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు), అంతే. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళ పేర్లు ఎమిటర్, బేస్, కలెక్టర్. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి 33కె (33 వేల ఓమ్‌ల) రెసిస్టర్. అదే కలెక్టర్ నేరుగా రెండో దాని బేస్‌కి వెళ్తుంది. రెండో దాని కలెక్టర్‌కి 8.2కె, దాని పైన 330 ఓమ్‌లు. ఎమిటర్‌కి 1కె ఫజ్ పాట్. ఆ ఎమిటర్ నుంచి 100కె వెనక్కి వచ్చి మొదటి దాని బేస్‌కి కరెంటు ఇస్తుంది. ఈ వెనక్కి వచ్చే తీగ వల్ల రెండు ట్రాన్సిస్టర్లూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. అందుకే ఒక చోట తప్పు జరిగితే అన్ని రీడింగులూ మారిపోతాయి. కానీ ఎలా మారాయో చూస్తే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది.

నీ రీడింగులు ఇవి: బ్యాటరీ 9.1. మొదటి ట్రాన్సిస్టర్ బేస్ 0.6, కలెక్టర్ 1.7. రెండో దాని ఎమిటర్ 1.1, కలెక్టర్ 1.2.

రెండో దాని కలెక్టర్ చూడు. అక్కడ మూడు, నాలుగు వోల్టుల మధ్య ఉండాలి. నీకు 1.2 వస్తోంది. ఎమిటర్‌కీ కలెక్టర్‌కీ మధ్య తేడానే లేదు. అంటే ఆ ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుని కూర్చుంది, సిగ్నల్ వచ్చినా పైకీ కిందకీ కదలడానికి చోటు లేదు. దాన్ని ఎవరు తెరిచారు? దాని బేస్‌కి వస్తున్న కరెంటు. ఆ కరెంటుని తన వైపు లాక్కోవలసింది మొదటి ట్రాన్సిస్టర్. అది లాక్కోవడం లేదు.

ఎందుకు లాక్కోవడం లేదు అంటే మామూలుగా నాకు వచ్చే మొదటి అనుమానం 100కె మీద. అది తెగినా, సోల్డర్ పట్టకపోయినా మొదటి దాని బేస్‌కి ఏమీ అందదు. కానీ అప్పుడు బేస్ దగ్గర సున్నాకి దగ్గరగా రావాలి. నీకు 0.6 వస్తోంది. అంటే కరెంటు అందుతోంది, అయినా పని చెయ్యడం లేదు. రెండు ట్రాన్సిస్టర్లూ కొత్తవే, మార్చినా అదే ఫలితం. అంటే రెండింటికీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) లేదు. ఇలా జరగడానికి నాకు తెలిసిన కారణం దాదాపు ఒక్కటే: రెండింటినీ తిప్పి పెట్టావు.

నీ లేఅవుట్ బొమ్మలో 2ఎన్3904 అని రాసి ఉందని నువ్వే చెప్పావు. అమెరికా వాళ్ళ లేఅవుట్లు ఎక్కువగా 2ఎన్3904, 2ఎన్5088 లాంటి వాటికి గీసినవి. చదును ముఖం మన వైపు, కాళ్ళు కిందకి పెట్టి పట్టుకుంటే వాటి వరస ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547కి ఇదే తలకిందులు: కలెక్టర్, బేస్, ఎమిటర్. బేస్ రెండింటిలోనూ మధ్యలోనే ఉండటం వల్ల మోసం జరుగుతుంది. ట్రాన్సిస్టర్ తిరగబడి కూర్చున్నా ఎంతో కొంత పని చేస్తుంది, గెయిన్ మాత్రం వందల్లో ఉండాల్సింది పది లోపుకి పడిపోతుంది. అందుకే నీకు పూర్తి నిశ్శబ్దం కాకుండా ఆ గరగర వినిపిస్తోంది.

నమ్మకం కుదరకపోతే నీ దగ్గరున్న పసుప్పచ్చ మీటర్‌లోనే తేల్చుకోవచ్చు. దానికి ట్రాన్సిస్టర్ పెట్టే చిన్న గుంటలు ఉంటాయి. ఎన్‌పీఎన్ (బీసీ547 ఈ రకమే) వైపు సరైన వరసలో పెడితే రెండు మూడు వందలు చూపిస్తుంది, తిప్పి పెడితే పది లోపు. విడిగా ఉన్న బీసీ547 ఒకటి పెట్టి రెండు రకాలుగానూ చూడు, ఇంకెప్పుడూ మర్చిపోవు. ఇదే పరీక్షలో షాపువాడు ఇచ్చింది అసలు ఎన్‌పీఎన్ అవునో కాదో కూడా తెలుస్తుంది. బీసీ548 ఇస్తే తీసుకో, కాళ్ళ వరస ఒకటే. బీసీ557 ఇస్తే వెనక్కి ఇచ్చెయ్, అది పీఎన్‌పీ, కరెంటు దిశ దీనికి వ్యతిరేకం.

ఇప్పుడు చెయ్యాల్సింది రెండు ట్రాన్సిస్టర్లనూ ఊడదీసి సగం చుట్టు తిప్పి పెట్టడం. తిరగబడి పెట్టినందుకు ఈ సర్క్యూట్‌లో అవి పాడవ్వవు, అక్కడున్న వోల్టేజీ చాలా తక్కువ. మళ్ళీ సోల్డర్ చెయ్యకుండా ఐసీ బేస్ ముక్క కోసి సాకెట్‌లా పెట్టుకో. ఆ సాకెట్ ఉంటే తర్వాత బీసీ547ఏ, బీసీ547బీ, బీసీ547సీ మార్చి వినొచ్చు. 547సీకి గెయిన్ ఎక్కువ, దానితో పాటు బుసబుస కూడా ఎక్కువ. నాకైతే ఈ పెడల్‌లో 547ఏనే బాగుంటుంది.

తిప్పాక రెండో దాని కలెక్టర్ దగ్గర 3 నుంచి 3.5 వరకూ వస్తుంది. పాత పుస్తకాల్లో 4.5 ఉండాలని ఉంటుంది, దానికి కంగారు పడకు. కావాలంటే 8.2కె తీసేసి అక్కడ 10కె ప్రీసెట్ పెట్టి, మీటర్ చూస్తూ స్క్రూడ్రైవర్‌తో తిప్పు. ఆరున్నర కె దగ్గర 4.5 వస్తుంది. నేను చెవితో తిప్పుతాను. గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు తీగ మోత ఎక్కడ ముక్కలు కాకుండా చక్కగా వస్తుందో అక్కడ ఆపుతాను.

అలాగే ఒక చిన్న చూపు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల మీద వెయ్యి. ఇన్‌పుట్‌లో ఉన్న 2.2 మైక్రోఫారడ్‌కి ప్లస్ కాలు బేస్ వైపు ఉండాలి. పాత జర్మేనియం (సిలికాన్‌కి ముందు ట్రాన్సిస్టర్లకి వాడిన పదార్థం) సర్క్యూట్ బొమ్మలు పీఎన్‌పీవి, వాటిలో ఇది తిరగేసి ఉంటుంది. రెసిస్టర్లలో 33కె, 330 రెండూ నారింజ, నారింజతో మొదలవుతాయి. మూడో గీత నారింజ అయితే 33కె, గోధుమ అయితే 330. రాత్రి పసుపు బల్బు వెలుతురులో ఈ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయి, మీటర్‌తో కొలిచి పెట్టుకోవడమే మంచిది. అవుట్‌పుట్ కెపాసిటర్ మీద 103 అని ఉండాలి.

ఇంత చేసినా పలకకపోతే ఆడియో ప్రోబ్ కట్టుకో. పెడల్స్ కట్టేవాళ్ళకి మీటర్ కన్నా ఇదే ముఖ్యం అంటాను. పనికిరాని గిటార్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక చివర కోసెయ్. లోపలి తీగకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేసి, దాని రెండో కాలుని ప్రోబ్‌లా వాడు. పై జాలీకి క్రొకడైల్ క్లిప్ పెట్టి పెడల్ గ్రౌండ్‌కి తగిలించు. కేబుల్ రెండో చివర యాంప్లిఫయర్‌లోకి. ఆ కెపాసిటర్ లేకుండా మాత్రం పెట్టొద్దు, డీసీ యాంప్లిఫయర్‌లోకి వెళ్తుంది. ఇంకో మాట: ఇది 9 వోల్టుల పెడల్ లోపల వాడే పనిముట్టు. కరెంటు ప్లగ్గు ఉన్న యాంప్లిఫయర్ లోపల దీనితో వేలు పెట్టొద్దు.

ఒకడు గిటార్ వాయిస్తుంటే ఒకడు ప్రోబ్ పట్టుకోవాలి, ఇంట్లో అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి హెడ్‌ఫోన్ పిన్ నుంచి 10కె రెసిస్టర్ ద్వారా పెడల్‌లోకి ఇవ్వు. ఆగకుండా మోగుతూనే ఉంటుంది. వాల్యూమ్ తక్కువలో పెట్టు. ఇప్పుడు ఇన్‌పుట్ జాక్ నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట ప్రోబ్ ఆనించుకుంటూ వెళ్ళు: ఇన్‌పుట్ కెపాసిటర్‌కి ముందు, తర్వాత, మొదటి దాని కలెక్టర్, రెండో దాని కలెక్టర్, 8.2కె, 330 కలిసే చోటు, అవుట్‌పుట్ కెపాసిటర్ దాటాక, వాల్యూమ్ పాట్ మధ్య కాలు, చివరగా స్విచ్. తంబూరా ఎక్కడిదాకా వినిపించి ఎక్కడ మాయమైందో, తప్పు ఆ రెండు చోట్ల మధ్యే ఉంటుంది. మొదటి దాని బేస్ దగ్గర మాత్రం శబ్దం చాలా చిన్నగా వస్తుంది. అది ఈ సర్క్యూట్ స్వభావం, వెనక్కి వచ్చే 100కె వల్ల అలా అణిగిపోతుంది. అక్కడ కంగారు పడి కెపాసిటర్ మార్చేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇప్పుడు హమ్ సంగతి. నువ్వు బ్యాటరీతో కొలిచావు గానీ వాయించేది పాత రౌటర్ అడాప్టర్‌తో అని రాశావు. ముందు ఆ అడాప్టర్ తీసేసి 9 వోల్టుల బ్యాటరీతో వాయించి చూడు. హమ్ పోయిందా, తప్పు అడాప్టర్‌ది. పోలేదా, వైరింగ్‌ది. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోతుంది.

అడాప్టర్ అయితే రెండు విషయాలు. రౌటర్ అడాప్టర్లలో పిన్ మధ్యలో ప్లస్ ఉంటుంది, గిటార్ పెడల్స్‌కి అమ్మే అడాప్టర్లలో మధ్యలో మైనస్. నువ్వు నీ రౌటర్ దానికి తగ్గట్టు కనెక్షన్ ఇచ్చుకున్నావు, పనిచేస్తోంది. రేపు ఏ స్నేహితుడో తన పెడల్ అడాప్టర్ గుచ్చితే తిరగబడిన కరెంటు లోపలికి పోతుంది. పెడల్ లోకంలో చెల్లే పద్ధతికి మార్చెయ్, మధ్యలో మైనస్. ప్లస్ దారిలో ఒక 1ఎన్5817 డయోడ్ వరసలో పెట్టు, గీత ఉన్న వైపు సర్క్యూట్ వైపుకి. రెండోది, ఆ సన్నటి కూత, గుయ్యిమనే మోత ఎస్‌ఎంపీఎస్ (ఇలాంటి అడాప్టర్ లోపలి స్విచింగ్ సర్క్యూట్) నుంచి వచ్చేవి. ప్లస్ దారిలో 100 ఓమ్‌లు, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ పెడితే చాలావరకూ ఆగుతాయి. ఎల్‌ఈడీని మాత్రం ఆ 100 ఓమ్‌లకి ముందు నుంచే తీసుకో. సెట్ టాప్ బాక్స్ 12 వోల్టుల అడాప్టర్ వాడదామనుకుంటే నేరుగా ఇవ్వొద్దు. 12ని 9 వోల్టులకి తగ్గించే 7809 రెగ్యులేటర్ రేడియో రిపేరు షాపుల్లో అడుగు, అది పెట్టుకో.

రేడియో వినిపించడానికి కారణం నీ ప్లాస్టిక్ డబ్బా. ఫజ్ మొదటి ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ మధ్య జంక్షన్ అచ్చం పాత రేడియోల్లోని డిటెక్టర్ డయోడ్‌లాగే పనిచేస్తుంది. జాక్ నుంచి బోర్డు దాకా ఉన్న తీగ ఏరియల్ అవుతుంది. ట్రాన్సిస్టర్లు తిప్పాక గెయిన్ పెరిగి ఇది ఇంకా ఎక్కువ వినిపిస్తుంది, భయపడకు. ఇన్‌పుట్‌లో వరసగా 1కె, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 పికోఫారడ్ పెట్టు. ఇన్‌పుట్ తీగ జాలీ ఉన్నది వాడు, ఆ జాలీని ఒక్క చివరే గ్రౌండ్‌కి కలుపు. ముఖ్యంగా డబ్బా లోహానిది ఉండాలి.

పెడల్స్ కోసం అమ్మే అల్యూమినియం డబ్బా మన ఊళ్ళలో దొరకదు, తెప్పించుకోవాలి. అంతవరకూ ఎలక్ట్రికల్ షాపులో గోడలో స్విచ్ బోర్డు కింద బిగించే జీఐ (జింకు పూత ఇనుము) మెటల్ బాక్సు అడుగు. చవక, డ్రిల్లు సులువుగా దిగుతుంది, లోపల సోల్డర్ కూడా పడుతుంది. స్టీలు టిఫిన్ డబ్బా చూడ్డానికి బాగుంటుంది గానీ డ్రిల్లు బిట్లు అరిగిపోతాయి. ఏ డబ్బా అయినా అది గ్రౌండ్‌కి తగలాలి, జాక్ నట్టు కింద రంగు గీకెయ్యడం మర్చిపోవద్దు. మూత వేశాక హమ్ తగ్గి, తీస్తే పెరిగిందంటే షీల్డింగ్ బాగా పనిచేస్తోందని అర్థం.

బ్యాటరీ వాడేటప్పుడు ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్ పెట్టుకో. బ్యాటరీ మైనస్‌ని మధ్య రింగుకి ఇస్తే, గిటార్ పిన్ గుచ్చినప్పుడే కరెంటు వెళ్తుంది. లేకపోతే రాత్రంతా ఎల్‌ఈడీ వెలిగి తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

సోల్డరింగ్ గురించి ఒక మాట, ముఖ్యంగా సముద్రం దగ్గర ఉన్నావు కాబట్టి. కళింగపట్నం వైపు ఇళ్ళల్లో తెచ్చిపెట్టిన డాట్ బోర్డు కొన్నాళ్ళకే రంగు మారిపోతుంది. ఉప్పు గాలికి రాగి మీద పొర కడుతుంది, దాని మీద సోల్డర్ అంటుకోదు, బంతిలా పైన నిలబడుతుంది. పెన్సిల్ రబ్బరుతో మెరుపు వచ్చేదాకా రుద్ది, కొంచెం ఫ్లక్స్ రాసి మొదలుపెట్టు. 25 వాట్ల ఐరన్ చాలు. ఫుట్ స్విచ్ కాళ్ళ దగ్గర మాత్రం మూడు సెకన్లకి మించి ఆనించొద్దు. వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్టు పక్కకి జరుగుతుంది, తర్వాత ఒకసారి పలికి ఒకసారి పలకని జబ్బు వస్తుంది. స్విచ్ నొక్కినప్పుడు టప్‌మంటే ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కి ఒక్కో 1 మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్ పెట్టు.

పలికాక నీకు రెండు ఫిర్యాదులు వస్తాయి, ముందే చెప్పేస్తాను. ఒకటి, శబ్దం చిన్నగా ఉందని. 8.2కె, 330 కలిసే చోటు నుంచి అవుట్‌పుట్ తీస్తాం కాబట్టి సిగ్నల్‌లో చిన్న ముక్కే బయటికి వస్తుంది. 330 బదులు 1కె పెడితే దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది. రెండు, మోత చెవులు కోస్తోందని. దానికి కారణం పెడల్ కాదు, నువ్వు వాయించే స్పీకర్. మన దగ్గర గిటార్ యాంప్లిఫయర్ ఉన్నవాళ్ళు తక్కువ. చర్చిలో అయినా, ఆర్కెస్ట్రా స్టేజీ మీద అయినా గిటార్ వెళ్ళేది ఆహుజా లాంటి మైక్ సెట్టులోకే. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, ఫజ్‌లోని ముళ్ళన్నీ అక్కడే రాలిపోతాయి. మైక్ సెట్టు కాలమ్, హార్న్ మాత్రం ఆ ముళ్ళనే ముందుకు తెచ్చి వినిపిస్తాయి. 330 కలిసే చోటు నుంచి 4.7కె వరసగా పెట్టి, ఆ తర్వాత గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్ కలిపి, అక్కడి నుంచి అవుట్‌పుట్ కెపాసిటర్‌కి వెళ్ళు. 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి పైన తగ్గిపోతుంది. ఈ రెండూ వాల్యూమ్ పాట్ తర్వాత పెట్టావంటే పాట్ తగ్గించేకొద్దీ మొత్తం మసకబారుతుంది, అందుకే ముందే పెట్టమంటున్నాను.

నీ గిటార్ ఏదో రాయలేదు. మామూలు ఎలక్ట్రిక్ అయితే సమస్య లేదు, ఫజ్‌ని వరసలో అన్నిటికన్నా ముందు పెట్టు. బ్యాటరీతో పనిచేసే ఈక్వలైజర్ ఉన్న అకౌస్టిక్ అయితే, లేదా ముందు బాస్ (Boss) కంపెనీ పెడల్ ఏదైనా ఉంటే, ఫజ్ గీసుకుపోయినట్టు పలుకుతుంది. దీని ఇన్‌పుట్ చాలా బరువైనది, అంటే ముందున్న దాని మీద ఎక్కువ లోడు వేస్తుంది. గిటార్ కాయిల్, ఈ ఇన్‌పుట్ కలిస్తేనే ఆ గుండ్రటి మోత వస్తుంది. మధ్యలో బఫర్ (రెండింటినీ విడదీసి సిగ్నల్‌ని అలాగే పంపే సర్క్యూట్, పైన చెప్పిన వాటిలో ఇదే ఉంటుంది) వస్తే ఆ బంధం తెగుతుంది. ఇన్‌పుట్‌లో 10కె నుంచి 33కె వరకూ వరసగా పెట్టి చూడు, కొంత దారికి వస్తుంది. ఆ మధ్య ఒకాయన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించుకున్న పనస కర్ర వీణకి కాంటాక్ట్ పికప్ అంటించి, దానికి ఫజ్ పెట్టమని విజయనగరంలో నా బల్ల మీద పెట్టారు. ఆ కాంటాక్ట్ పికప్ పియెజో (కర్ర అదురుని సిగ్నల్‌గా మార్చే బిళ్ళ), దానికి కనీసం 1 మెగ్ ఇన్‌పుట్ కావాలి, ఫజ్‌కి నేరుగా ఇస్తే మంద్రం అంతా మాయమై తీగ గీరిన చప్పుడే మిగిలింది. ముందు ఒక ఎఫ్‌ఈటీ (ఇంకో రకం ట్రాన్సిస్టర్) బఫర్, తర్వాత 22కె, ఆ తర్వాత ఫజ్ పెడితే వీణే పలికింది. శంకరాభరణం దానిలో విని ఆయన సంతోషించారు గానీ వాళ్ళ గురువుగారికి మాత్రం వినిపించనన్నారు.

జర్మేనియం పెడితే ఇంకా బాగుంటుందా అని కూడా అడిగావు. అటక మీద పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే దాని అవుట్‌పుట్‌లో ఏసీ128 దొరకొచ్చు, అది ఫజ్‌కి పనికొస్తుంది. కానీ జర్మేనియంలో లీకేజీ కరెంటు ప్రతి పది డిగ్రీలకీ దాదాపు రెట్టింపు అవుతుంది. జనవరిలో రాత్రిపూట సరిచేసిన పెడల్ మే నెల మధ్యాహ్నం షామియానా కింద నోరు మూసుకుంటుంది. పైగా అది పీఎన్‌పీ, ప్లస్ గ్రౌండ్. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ పంచుకోలేదు. మన ఎండలకి సిలికానే నయం.

ముందు రెండు ట్రాన్సిస్టర్లూ తిప్పి, బ్యాటరీ మీద రెండో దాని కలెక్టర్ వోల్టేజీ కొలిచి చెప్పు. 9 వస్తే 33కె కాళ్ళు, ఫజ్ పాట్ కాళ్ళు చూడు. సున్నా వస్తే 8.2కె దారి తెగింది, లేదా ఆ కలెక్టర్ గ్రౌండ్‌కి ఎక్కడో తగులుతోంది. మూడున్నర వస్తే గిటార్ తగిలించుకో.